చాచిన చేతులు ఖాళీగా మరలవు



సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు కురియుగాక!

దుఆ ప్రాముఖ్యం గురించి మనం తరచుగా వింటూనే ఉంటాం. ఏ వేళల్లో దుఆ చేయాలో, ఏ పదాలతో చేయాలో, దాని మర్యాదలేమిటో ధార్మిక పండితులు చెబుతూనే ఉంటారు. కాని రాత్రుళ్ళు మేల్కొని, కన్నీరు కార్చి, అలసిపోయేదాకా వేడుకున్నా కోరింది దొరకని దాసుని గురించి మనం చాలా తక్కువ మాట్లాడతాం. అతను మన వరుసలోనే, మన భుజానికి భుజం ఆనించి నిలబడి ఉంటాడు. అతని మనసులో ఉన్న ప్రశ్న మాత్రం మనకు వినిపించదు. నాలుగు మాటలు అతని కోసం రాయాలనుకుంటున్నాను. ముందుగా నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పుకోవాలి.

సలాం చెప్పగానే లేచి వెళ్ళే చాచా

మా కిషన్‌బాగ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ చాచా అనే పిలుస్తారు. కుట్టుపని చేసి ముగ్గురు పిల్లల్ని పెంచారు. ఫజ్ర్ నమాజుకు మొదటి వరుసలో ఉండేవారు. నమాజు ముగిశాక అందరూ వెళ్ళిపోయినా ఆయన చేతులు చాచి చాలాసేపు దుఆ చేస్తూ కూర్చునేవారు. మస్జిదులో ఫ్యాన్లు ఆపే పిల్లవాడు ఆయన తలపైనున్న ఫ్యానును మాత్రం వదిలేసేవాడు.

2021 రమజాను మాసంలో కరోనా రెండో విజృంభణ నగరాన్ని కుదిపేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మాసం చివరి పది రోజుల్లో చాచా భార్యకు ఊపిరి ఆడలేదు. ఆక్సిజన్ సిలిండర్ కోసం కొడుకులు ఊరంతా తిరిగారు. చాచా ఇంట్లో ముసల్లాపై కూర్చుని వేడుకున్నారు. ఇరవై ఏడవ రాత్రి తెల్లవార్లూ ఆయన సజ్దా నుంచి తల ఎత్తలేదని పిల్లలు చెప్పారు. పండుగకు రెండు రోజుల ముందు ఆ తల్లి అల్లాహ్ సన్నిధికి చేరుకుంది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

కొన్ని నెలల తర్వాత నేను ఒక విషయం గమనించాను. చాచా నమాజు మానలేదు. మొదటి వరుసా మానలేదు. కాని ఇమామ్ సలాం చెప్పగానే లేచి వెళ్ళిపోతున్నారు. చేతులు చాచడం లేదు. ఒకరోజు ఆయన వెనకే బయటికి వెళ్ళాను.

"చాచా, ఆరోగ్యం బాగానే ఉందా? ఈ మధ్య కూర్చోవడం లేదు" అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుంటూ తలెత్తకుండానే అన్నారు: "మౌలానా, నమాజు నా మీద ఫర్జ్. అది వదలను. కాని మీరే కదా మింబర్ మీద చెప్పారు, అల్లాహ్ ముందు చాచిన చేతులు ఖాళీగా మరలవని. రమజాను రాత్రుల్లో అడిగింది కాదనడని. నా చేతులు ఖాళీగానే మరలాయి. అంటే నాలోనే ఏదో లోపం ఉందన్నమాట. మా బంధువులూ అదే అన్నారు. ఇంకా ఏ ముఖంతో అడగను?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆయన పక్కన మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చేశాను. ఇంటికి వచ్చాక, రమజానుకు ముందు నేను చేసిన జుమా ప్రసంగం గుర్తు చేసుకున్నాను. నేను చెప్పింది అబద్ధం కాదు. కాని అది సగమే. మిగతా సగం వినవలసిన మనిషికి వినబడకపోవడానికి నేనే కారణం. ఆ సగాన్ని ఇక్కడ చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

మిగతా సగం

చేతులు ఖాళీగా మరలవన్న మాట హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఉల్లేఖించిన హదీసులోనిది. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. మన ప్రభువు లజ్జాశీలుడు, ఉదారుడు అనీ, తన వైపు చేతులెత్తిన దాసుని వాటిని ఖాళీగా మరలించడానికి ఆయన సిగ్గుపడతాడనీ దాని సారాంశం. ఇది నిజం. కాని చేతుల్లో ఏమి పెడతాడో ఆ హదీసు చెప్పలేదు. దాన్ని చెప్పే హదీసు మరొకటి ఉంది.

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనం ముస్నద్ అహ్మద్‌లో ఉంది. పాపం గాని, బంధుత్వాన్ని తెంచడం గాని లేని దుఆను ఏ ముస్లిం చేసినా, అల్లాహ్ మూడింటిలో ఒకటి అతనికి తప్పక ప్రసాదిస్తాడని దైవప్రవక్త (సఅసం) బోధించారు. కోరినదాన్ని ఇహలోకంలోనే త్వరగా ఇవ్వవచ్చు. లేదా దాన్ని పరలోకం కోసం దాచి ఉంచవచ్చు. లేదా దానికి సమానమైన కీడును అతని నుంచి తొలగించవచ్చు. ఇది విని సహచరులు, అలాగైతే మేము ఎంతో ఎక్కువగా దుఆ చేస్తామన్నారు. అల్లాహ్ దగ్గర అంతకంటే ఎక్కువే ఉందని ఆయన జవాబిచ్చారు.

మనం మొదటిదాన్నే స్వీకారమని, మిగతా రెండూ తిరస్కారమని అనుకుంటాం. దైవప్రవక్త (సఅసం) మూడింటినీ ఒకే వరుసలో ఉంచారు.

మా కిషన్‌బాగ్‌కు దగ్గరలోనే మీర్ ఆలం చెరువు ఉంది. రెండు వందల ఏళ్ళ కిందట అర్ధచంద్రాకారపు కమానులతో కట్టిన ఆ కట్టను జూపార్కుకు వెళ్ళినవారు చూసే ఉంటారు. ఒకప్పుడు నగరానికి తాగునీరు అక్కడి నుంచే వచ్చేది. చెరువు తూము మూసి ఉన్నంత మాత్రాన లోపల నీళ్ళు లేవని ఎవరూ అనరు. పడిన ప్రతి చుక్కా కట్ట వెనక చేరుతూనే ఉంటుంది. ఎప్పుడు, ఎటువైపు, ఎంత వదలాలో తూము దగ్గర ఉన్నవాడికి తెలుసు. దాసుని కన్నీరు కూడా అంతే. అది ఇంకిపోలేదు, చేరుతూ ఉంది.

అడిగింది ఒకటి, ఇచ్చింది మరొకటి

దుఆ స్వీకారానికి మన పుణ్యమే కొలమానమైతే ప్రవక్తలు కోరిన ప్రతిదీ కోరినట్టే జరగాలి. దివ్య ఖుర్ఆన్ ఏమి చెబుతోందో చూడండి.

హజ్రత్ నూహ్ (అ) కళ్ళెదుటే కుమారుడు అలల్లో మునిగిపోయాడు. అతను నా కుటుంబీకుడే కదా అని తండ్రి ప్రభువును వేడుకున్నారు. ఆ కుమారుడు దక్కలేదు (హూద్ సూరా 45, 46). హజ్రత్ ఇబ్రాహీం (అ) తన తండ్రి కోసం క్షమాభిక్ష వేడుకున్నారు. అదీ ఆయన ఆశించినట్టు నెరవేరలేదు (తౌబా సూరా 114). ఈ ఇద్దరిలో ఎవరి విశ్వాసాన్ని శంకించగలం?

హజ్రత్ మర్యం (అ) తల్లి విషయం మరింత ఆలోచించదగినది. గర్భంలోని శిశువును ఆరాధనాలయ సేవకు అంకితం చేస్తానని ఆమె మొక్కుకుంది. ఆ కాలంలో ఆ సేవ మగపిల్లలకే ఉండేది. పుట్టింది ఆడపిల్ల. ప్రభూ, నేను ఆడపిల్లను కన్నానే అని ఆ తల్లి అన్నది (ఆలి ఇమ్రాన్ సూరా 36). ఆ మాటలో ఆమె నిరాశ మనకు వినిపిస్తుంది. ఆమె కోరింది ఒక సేవకుణ్ణి. అల్లాహ్ ఇచ్చింది లోకంలోని స్త్రీలందరిలో ఎన్నుకోబడిన మర్యం (అ)ను, ఆమె ద్వారా హజ్రత్ ఈసా (అ)ను. కాని పురిటి మంచం మీద ఉన్న తల్లికి అప్పుడు ఇదేమీ తెలియదు. తెలియకుండానే ఆ బిడ్డకు పేరు పెట్టి, ఆ బిడ్డనూ ఆమె సంతానాన్నీ షైతాను నుంచి కాపాడమని అల్లాహ్‌కు అప్పగించింది. తవక్కుల్ అంటే ఇదే. ఫలితం చూశాక నమ్మడం ఎవరైనా చేయగలరు. చేతికందింది తాను అడిగింది కాదని తెలిసిన గడియలో కూడా అదే ప్రభువుతో మాట్లాడుతూ ఉండటం నమ్మకం.

ఇక మన ప్రవక్త (సఅసం) సంగతి. ఒకసారి ఆయన మదీనాలోని బనూ ముఆవియా వారి మస్జిదులో రెండు రకాతులు నమాజు చేసి, చాలాసేపు దుఆ చేశారు. తర్వాత సహచరుల వైపు తిరిగి, నా ప్రభువును మూడు కోరాను, రెండు ఇచ్చాడు, ఒకటి ఇవ్వలేదని చెప్పారు. ఇవ్వనిది ఏమిటో తెలుసా? తన సముదాయం తమలో తాము కలహించుకోకూడదన్న కోరిక (సహీహ్ ముస్లిం). సృష్టిలో అందరికంటే అల్లాహ్‌కు ప్రియమైన దాసుడు, నాకు ఇవ్వలేదు అని ప్రజల ముందు దాచకుండా చెప్పారు. దాన్ని ఆయన తనకు అవమానంగా భావించలేదు. ఆ తర్వాత దుఆ మానలేదు.

ఆయన చిన్నారి కుమారుడు ఇబ్రాహీం ఒడిలో ప్రాణం విడుస్తుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. మీరు కూడానా అని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోయారు. ఇది కారుణ్యం అన్నారాయన. కన్ను ఏడుస్తుంది, మనసు దుఃఖిస్తుంది, నోరు మాత్రం ప్రభువుకు ఇష్టం లేని మాట పలకదని బోధించారు (సహీహ్ బుఖారీ). గమనించండి! ఏడవవద్దని అనలేదు. సహనమంటే కళ్ళు ఎండిపోవడం కాదు. హజ్రత్ యాఖూబ్ (అ) కళ్ళు దుఃఖంతో తెల్లబారిపోయాయని ఖుర్ఆనే చెబుతోంది. ఆయన తన బాధను మొరపెట్టుకున్నది అల్లాహ్‌కు. ఫిర్యాదు ఉన్నా తలుపు అదే.

ఈ సంవత్సరమే అని చెప్పానా?

హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త (సఅసం) కాబా దర్శనం చేసుకుంటున్నట్టు కలగన్నారు. ప్రవక్తల కలలు సత్యం. సుమారు 1400 మంది సహచరులు ఇహ్రాం కట్టుకుని, ఖుర్బానీ పశువులను వెంటబెట్టుకుని బయలుదేరారు. మక్కాకు దగ్గర్లోని హుదైబియా వద్ద ఖురైషీలు అడ్డుకున్నారు. సంధి కుదిరింది. ఈ ఏడాది వెనక్కి వెళ్ళిపోవాలి, వచ్చే ఏడాది రావాలి అన్నది ఒక షరతు. గమ్యం అంత దగ్గర్లో ఉండగా వెనక్కి మళ్ళడం సహచరులకు దుర్భరమయింది.

హజ్రత్ ఉమర్ (రజి) తట్టుకోలేక దైవప్రవక్త (సఅసం) దగ్గరకు వచ్చారు. మనం కాబాకు వెళ్ళి తవాఫ్ చేస్తామని మీరు చెప్పలేదా అని అడిగారు. చెప్పాను, కాని ఈ సంవత్సరమే అని చెప్పానా అని ఆయన తిరిగి ప్రశ్నించారు. లేదన్నారు ఉమర్ (రజి). అయితే నీవు తప్పక వెళ్తావు, తవాఫ్ చేస్తావు అన్నారాయన. ఇదే ప్రశ్నను ఉమర్ (రజి) హజ్రత్ అబూబక్ర్ (రజి) దగ్గరకు వెళ్ళి అడిగితే ఆయన కూడా సరిగ్గా అదే జవాబు చెప్పారు (సహీహ్ బుఖారీ).

తిరుగు ప్రయాణంలో ఫతహ్ సూరా అవతరించింది. వెనక్కి మళ్ళిన ఆ ప్రయాణాన్నే అల్లాహ్ స్పష్టమైన విజయంగా పేర్కొన్నాడు. మరుసటి ఏడాది ఉమ్రా జరిగింది. హిజ్రీ 8లో మక్కా తలుపులే తెరుచుకున్నాయి.

సోదరులారా! వాగ్దానం అల్లాహ్‌ది. గడువు మనం కల్పించుకున్నది. వాగ్దానానికి మనమే ఒక తేదీ వేసి, ఆ తేదీ దాటగానే మాట తప్పాడని అల్లాహ్‌ను నిందిస్తాం. తొందరపడనంత వరకు దాసుని దుఆ స్వీకరించబడుతుందని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. నేను దుఆ చేశాను, స్వీకరించబడలేదు అనుకుని, విసిగి మానివేయడమే ఆ తొందరపాటని వివరించారు (బుఖారీ, ముస్లిం). చాచా చేసింది ఇదే. అయితే ఆయనను ఆ విసుగులోకి నెట్టింది ఆయన అల్లాహ్ కాదు, మేము చెప్పిన సగం మాట.

మూసీ ఒడ్డున ఒక విశ్వాసి

ఈ మాటలన్నీ ప్రవక్తల కాలానివి, మనవంటి బలహీనుల సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. దూరం వెళ్ళనక్కరలేదు. చాచా ఇంటికి కొద్ది దూరంలో మూసీ పారుతుంది. ఈ నదే ఒక విశ్వాసిని ఎలా పరీక్షించిందో హైదరాబాదు చరిత్రలో నమోదై ఉంది.

1908 సెప్టెంబరు 28. హిజ్రీ 1326 రమజాను మాసం అప్పుడే ఆరంభమయింది. ఇళ్ళల్లో తరావీహ్‌లు, సహరీలు మొదలైన రోజులు. ఎడతెరపి లేని వానకు మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15 వేల మంది చనిపోయారన్నది తరచుగా చెప్పే అంచనా. వేల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు కాపాడుకున్నారు. ఒకే ప్రభువును, ఒకే రాత్రి, ఒకే భయంతో వేడుకున్నవారిలో కొందరికి కొమ్మ దొరికింది, కొందరికి దొరకలేదు. కొమ్మ దొరికినవారు పుణ్యాత్ములు, మునిగినవారు పాపాత్ములు అనగలమా? అల్లాహ్ కాపాడుగాక! నీట మునిగి చనిపోయిన విశ్వాసిని, గోడ కూలి చనిపోయిన విశ్వాసిని దైవప్రవక్త (సఅసం) షహీదుల కోవలో చేర్చారు. మహమ్మారికి బలైనవారూ అదే కోవలోనివారు. మనం లోపం వెతికే చోట ఆయన గౌరవాన్ని ప్రకటించారు.

ఆ వరదలో ఒక యువకుడు తన తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకున్నాడు. తాను ఒక్కడే మిగిలాడు. ఆయనే తర్వాతి కాలంలో ఉర్దూ లోకం గౌరవించిన హజ్రత్ అమ్జద్ హైదరాబాదీ. ఆ దుఃఖాన్ని ఆయన దాచుకోలేదు. ఆ వరదపై 'ఖయామతె సుగ్రా' అనే పేరుతో కవిత రాశారు. చిన్న ప్రళయం అని ఆ పేరుకు అర్థం. కాని ఆ తర్వాత ఆయన అల్లాహ్‌కు దూరం కాలేదు. నాలుగు పాదాల రుబాయీలలో దైవ ఏకత్వాన్ని, సంతృప్తిని, దాసుని నిస్సహాయతను, ప్రభువుపై నమ్మకాన్ని జీవితాంతం చెబుతూ పోయారు. 1961లో ఆయన కన్నుమూశారు. అంటే ఆ రాత్రి తర్వాత యాభై ఏళ్ళకు పైగా బతికారు. ఆ యాభై ఏళ్ళలో తల్లి తిరిగి రాలేదు, కూతురు తిరిగి రాలేదు. జవాబు కోసం ఎదురుచూస్తూ తలుపు దగ్గరే ఉన్నారు. మదర్సాలో చదువుకునే రోజుల్లో ఆయన రుబాయీలు మేము కంఠస్థం చేసేవాళ్ళం. వాటి వెనక మూసీ ఉందని తెలిసింది చాలా తర్వాత.

కట్ట కట్టడం కూడా తవక్కులే

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. అల్లాహ్‌పై భారం వేయడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఒంటెను కట్టేసి ఆపైన అల్లాహ్‌ను నమ్మమని దైవప్రవక్త (సఅసం) నేర్పారు. సిరియా ప్రాంతంలో అమ్వాస్ మహమ్మారి ప్రబలినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) తన వెంట ఉన్నవారితో వెనక్కి మళ్ళారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని అడిగితే, అల్లాహ్ నిర్ణయం నుంచి అల్లాహ్ నిర్ణయం వైపే వెళ్తున్నామన్నారు.

1908 తర్వాత ఈ నగరమూ అదే చేసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా తీసుకున్నారు. వరదను ఆపడానికి, నగరానికి తాగునీరు ఇవ్వడానికి మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నదిపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. తరతరాలుగా మనం ఆ నీళ్ళతో వుజూ చేశాం. అయితే దీన్ని చూపించి, ఆ వేలమంది చనిపోవడం మంచిదే అయిందని అనకండి. అది అనే హక్కు మనకు లేదు. వారి లెక్క వారి ప్రభువు దగ్గర ఉంది. మనం చెప్పగలిగింది ఇంతే: ఏడ్చిన చేతులే తర్వాత రాళ్ళు మోశాయి. నీళ్ళ దారులు మూసుకుపోయినప్పుడు ఏమవుతుందో 2020 అక్టోబరు వర్షాల్లో చూశాం. 2025 సెప్టెంబరులో మూసీ మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి రావడమూ చూశాం. దుఆతో పాటు బాధ్యత కూడా మనపై ఉంది. వైద్యం చేయించడం, జాగ్రత్త పడటం, పక్కింటివారికి సాయపడటం దుఆకు వ్యతిరేకం కావు, దుఆలో భాగమే.

దుఃఖంలో ఉన్నవారితో ఎలా మాట్లాడాలి?

ఇది చదివే ప్రతి సోదరునికి, సోదరికి నా విన్నపం. ఎవరి ఇంట్లోనైనా జనాజా లేచినప్పుడు, ఎవరి కూతురి సంబంధమైనా తప్పిపోయినప్పుడు, ఎవరి ఒడైనా నిండనప్పుడు, మీ దుఆలో లోపం ఉందేమో అనకండి. హరామ్ తిండి దుఆకు అడ్డంకి అని హదీసులో ఉన్నది నిజమే. కాని అది ప్రతి ఒక్కరూ తన పళ్ళెం చూసుకోవడానికి, ఎదుటివారి పళ్ళెంలోకి తొంగి చూడటానికి కాదు.

అలాగే, ఇందులో ఫలానా మేలు ఉంది అని వారి తరఫున మీరు తేల్చేయకండి. మీరు దేనినో అసహ్యించుకోవచ్చు, అందులో మేలు ఉండవచ్చు, అల్లాహ్‌కు తెలుసు, మీకు తెలియదని బఖరా సూరా 216వ ఆయతు భావం. మనకు తెలియదన్నది కూడా ఆ ఆయతులోనే ఉంది. చాచా దుఆ ఆ మూడు రూపాల్లో దేనిలో స్వీకరించబడిందో నాకు తెలియదు. తెలిసినట్టు నటిస్తే అది అల్లాహ్‌పై అబద్ధం చెప్పడమే అవుతుంది.

మరేమి చేయాలి? ఇంటికి అన్నం పంపండి. పిల్లల్ని కాసేపు చూసుకోండి. పక్కన కూర్చోండి. వారు దుఆ చేయలేని రోజుల్లో వారి కోసం మీరు చేయండి. సోదరుని పరోక్షంలో చేసే దుఆకు దైవదూత ఆమీన్ అంటాడు.

ఇకపై ఎలా అడుగుదాం?

మొదటిది, అడగడం మానవద్దు. అజానుకు, ఇఖామత్‌కు మధ్య, సజ్దాలో, రాత్రి చివరి జాములో అడుగుదాం. పెద్దది అడుగుదాం, చిన్నదీ అడుగుదాం.

రెండవది, అడిగేటప్పుడు ఇస్తిఖారా మనకు నేర్పిన మర్యాదను గుర్తుంచుకుందాం. అందులో దాసుడు, ఇది నాకు మేలైతే సులభం చెయ్యి, కీడైతే నా నుంచి మళ్ళించు, మేలు ఎక్కడున్నా దాన్ని నాకు నిర్ణయించు, దానితో నన్ను సంతృప్తిపరచు అని వేడుకుంటాడు. చివరి కోరిక గమనించండి. ఇచ్చినదానితో తృప్తి పడే మనసు కూడా అల్లాహ్ ఇస్తేనే వస్తుంది. అది లేదని సిగ్గుపడవద్దు. దాన్నే అడగండి.

మూడవది, నమ్మకం ఒక్కరోజులో కుదరకపోతే కంగారు పడవద్దు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) భర్త అబూ సలమా (రజి) మరణించినప్పుడు, ఈ ఆపదకు ప్రతిఫలం ఇచ్చి ఇంతకంటే మేలైనది ప్రసాదించమనే దుఆను ఆమె పలికారు. పలుకుతూనే, అబూ సలమా కంటే మేలైనవారెవరుంటారు అనుకున్నారు. మనసు ఒప్పకపోయినా దైవప్రవక్త (సఅసం) నేర్పిన మాట కాబట్టి పలికారు. ఆ తర్వాత ఆమె దైవప్రవక్త (సఅసం) సతీమణి అయ్యారు, విశ్వాసుల మాతృమూర్తి అయ్యారు (సహీహ్ ముస్లిం). ప్రతి వితంతువుకూ ఇలాగే జరుగుతుందని దీని అర్థం కాదు. మనసులో సందేహం మిగిలి ఉండగానే చేసిన దుఆ కూడా దుఆయేనని దీని నుంచి తెలుసుకోవాలి.

ఈ మాటలన్నీ ఒక ఇషా తర్వాత చాచాకు చెప్పాను. ముందుగా, నేను సగమే చెప్పాను, నన్ను క్షమించమని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే ఆ రాత్రి సజ్దా ఎక్కడికీ పోలేదంటారా?" అన్నారు.

"పోలేదు చాచా" అన్నాను.

ఆ తర్వాత కొన్ని వారాల దాకా ఆయన సలాం చెప్పగానే లేచి వెళ్తూనే ఉన్నారు. నేను ఏమీ అడగలేదు. ఒక ఫజ్ర్‌లో వెనక్కి తిరిగి చూస్తే ఆయన కూర్చునే ఉన్నారు. చేతులు పూర్తిగా ఎత్తలేదు. మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టి ఉంచారు. ఆయన ఏమి అడుగుతున్నారో నాకు తెలియదు. అది ఆయనకూ ఆయన ప్రభువుకూ మధ్య విషయం. ఫ్యాన్లు ఆపే పిల్లవాడు ఆ ఒక్క ఫ్యానును వదిలేశాడు.

ఓ అల్లాహ్! అడిగింది దొరికినప్పుడు కృతజ్ఞతను, దొరకనప్పుడు నీపై సద్భావనను మాకు ప్రసాదించు. వరదల్లో, వ్యాధుల్లో మమ్మల్ని వీడి వెళ్ళినవారిని నీ కారుణ్యంలో చేర్చుకో. వారి వెనక మిగిలినవారి చేతులు మళ్ళీ నీ వైపు లేచే బలాన్నివ్వు. మా నోట సగం సత్యం వెలువడి నీ దాసుల మనసు గాయపడకుండా మమ్మల్ని కాపాడు. నీ తలుపు విడిచి వెళ్ళేవారిలో మమ్మల్ని చేర్చకు. ఆమీన్! యా రబ్బల్ ఆలమీన్!